చీటీలో లేనివి

పొద్దున ఎనిమిదింటికల్లా ఆమె మూడు అంతస్తుల మెట్లూ దిగేసేది. దిగే ముందు మొగుడి మాత్రలు గిన్నెలో వేసి, ఆయన మంచం పక్క కిటికీ తెరిచి, ఆవిరి పట్టే మిషను వైరు కాళ్లకు అడ్డం పడకుండా గోడవారకు నెట్టేది. ఆయన అటు తిరిగి పడుకునే, "తలుపు దగ్గరికి వేసి వెళ్లు, తాళం వద్దు" అనేవాడు. రోజూ అదే మాట.

ఆఫీసులో ఆమె ఉద్యోగం పేరు ఆర్కిటెక్ట్. ఆ మేడలోకి కొత్తగా వచ్చినప్పుడు కింది వాటా ఆవిడ ఆ మాట విని, తమ స్నానాలగది పెద్దది చేయించాలి, ఒక ప్లాను గీసిపెట్టమని అడిగింది. నేను గీసేవి ఇళ్లు కావండీ, సాఫ్ట్‌వేర్ అని ఎంత చెప్పినా ఆవిడ నమ్మలేదు. పని ఎగ్గొట్టడానికి సాకు చెబుతోందనుకుంది. ఆ రోజు నుంచి మేడంతా ఆమెను ప్లానమ్మ అనడం మొదలుపెట్టారు. కొన్నాళ్లకు మొగుడూ అలాగే పిలవసాగాడు.

ఆయన బోర్డులు రాసేవాడు. ఒకప్పుడు ఆ చుట్టుపక్కల వీధుల్లో సగం దుకాణాల పేర్లు ఆయన చేతి రాతే. చెప్పుల కొట్టుకు ఒక రకం అక్షరం, మందుల షాపుకు ఇంకో రకం. ఒకరికి వేసిన వంపు మరొకరికి వేసేవాడు కాదు. తర్వాత అచ్చు బోర్డులు వచ్చాయి. ఒక్క ఫైలుతో వంద బోర్డులు గంటలో దిగేవి. చేతిలో పని పోయేనాటికి రంగుల వాసన, థిన్నరు వాసన ఆయన ఊపిరితిత్తులను తినేశాయి. రెండేళ్లుగా మంచం దిగితే కుర్చీ, కుర్చీ దిగితే మంచం. ఇంకో ఆరు నెలలు చూడవచ్చని డాక్టరు అన్నాడు. ఆరు నెలలంటే ఎంతోకొంత దూరమే కదా అని ఆమె మనసుకు సర్దిచెప్పుకుంది.

ఆమె పనిచేసే కంపెనీకి ఏడు దుకాణాలున్నాయి. ఇంటి సరుకులన్నీ అమ్ముతారు. ఏడింట్లోనూ ఆర్డరు తీసుకునే పద్ధతి ఏడు రకాలు. ఒకచోట ఫోను, ఒకచోట గోడకు తగిలించిన నోటుపుస్తకం, ఒకచోట జనం తమ పేరు రాసిన ఖాళీ సంచి వదిలి వెళితే అందులో ఎప్పుడూ వేసేవే వేసి పంపడం. ఈ గందరగోళమంతా పోయి అన్నిటికీ ఒకటే వ్యవస్థ ఉండాలన్నాడు పెద్ద మేనేజరు. రేపు ఎనిమిదో దుకాణం తెరిస్తే అదే తీసుకెళ్లి అదే రోజు బిగించాలి. ఆ తర్వాత వేరే కంపెనీ ఎవరైనా అడిగితే వాళ్లకూ అమ్మగలగాలి.

ఏడింట్లోనూ ఉమ్మడిగా ఉన్నదేదో వెతికి పట్టుకోవడమే ప్లానమ్మ పని. ఆమె గీతల్లో అన్నీ పెట్టెలే. ఆర్డరు ఒక పెట్టె, సరుకు ఉందో లేదో చూసేది ఒకటి, సంచి కట్టేది ఒకటి, ఇంటికి చేర్చేది ఒకటి. ఏ పెట్టె లోపల ఏముందో పక్క పెట్టెకు తెలియకూడదు. చిన్న తలుపులోంచి ఒకటి అడగాలి, ఇంకొకటి చెప్పాలి, అంతే. అప్పుడే ఒకదాన్ని పీకి కొత్తది పెట్టినా మిగతావి కదలకుండా ఉంటాయి. ఇందులో ఆమెది తిరిగిన చెయ్యి. ఒక్కో దుకాణంలో వారంపాటు స్టూలు వేసుకుని కూర్చుని, వచ్చేవాళ్లనూ పోయేవాళ్లనూ చూసి రాసుకుంది. ఆరు దుకాణాలు ఏ పేచీ లేకుండా ఆ పెట్టెల్లో ఇమిడిపోయాయి.

ఏడోది ఆమె ఉండే వీధిలోదే. ఆమె ఇంటికి సరుకులొచ్చేదీ అక్కడి నుంచే. అక్కడ ఆర్డర్లు చూసేది చీటీలక్క.

సోమవారం దుకాణం తెరవగానే చీటీలక్క బిల్లు కౌంటరు పక్కన చిన్న బల్ల ముందు కూర్చుని, నీలం సిరా పెన్నుతో చీటీలు రాసేది. ఇంటికొక చీటీ. ఆ వారం ఆ ఇంటికి ఏమేం అవసరపడతాయో అవి. ఎవరూ ఫోను చేసేవారు కాదు, వచ్చి చెప్పేవారు కాదు. మంగళవారం సాయంత్రానికి సంచులు ఇళ్లకు చేరేవి. కింది వాటా ఆవిడ సంచిలో ఓసారి ఎన్నడూ లేనిది దూదిచుట్ట, గాయాల మందు సీసా వచ్చాయి. ఆవిడ రెండు రోజులు గోడ పట్టుకుని మెట్లు దిగింది. గురువారం నాడు ఎలాగూ పడింది. ఇంట్లో దూది ఉంది కాబట్టి సరిపోయింది. కుట్టుమిషను ఆవిడకు బల్బులు రెండు వస్తే రెండు పోయేవి. వీధిలో దీని గురించి ఎవరూ ప్రత్యేకంగా మాట్లాడుకునేవారు కాదు, కుళాయిలో నీళ్లొస్తున్నాయని మాట్లాడుకోరు కదా.

చీటీలో ఉన్నవాటికంటే లేనివాటినే జనం జాగ్రత్తగా చూసుకునేవారు. ముసలి జంట ఇంటి చీటీలో ఆయన నమిలే పిప్పరమెంట్లు లేవంటే, దూరాన ఉన్న కూతురికి ఆ పూటే కబురు వెళ్లేది. ఒంటరిగా ఉండేవాళ్ల ఇంటికి అసలు చీటీయే లేకపోతే, వీధివాళ్లు వంతులేసుకుని వెళ్లి కూర్చునేవారు. రిటైరైన నర్సు పోయినప్పుడు గదిలో నలుగురున్నారు. ఒకరు ఆవిడ కాళ్లు పడుతున్నారు.

ప్లానమ్మ స్టూలు జరుపుకుని చీటీలక్కను అడిగింది, రాసేటప్పుడు ఏమనిపిస్తుందని.

"ఏమీ అనిపించదు. చెయ్యి రాస్తుంది. అది ఆగితే నేనూ ఆగుతాను."

దీన్ని ఏ పెట్టెలో పెట్టాలి? ఆమె గీసిన ఆర్డరు పెట్టెకు మొట్టమొదటి నియమమే అడిగే మనిషి. అడిగే మనిషి లేకపోతే అది ఆర్డరే కాదు. పైగా, అడగని వస్తువు ఏ పెట్టెలోనూ ఉండదు. లేనిదాన్ని ఎక్కడ రాస్తారు? ఆమె మూడు వారాలు తల బద్దలు కొట్టుకుంది. గీసింది కొట్టేసి, కొట్టేసింది మళ్లీ గీసింది.

ఒక ఆదివారం ఆ కాగితాలు మంచం మీద పరచుకుని కూర్చుంటే, మొగుడు దిండుకు ఆనుకుని చాలాసేపు చూశాడు. ఏడు దుకాణాలకూ ఒకటేనా అని అడిగాడు. అవునంది.

"అయితే నువ్వూ అచ్చు బోర్డే వేస్తున్నావన్నమాట," అన్నాడు.

ఆ మాట ఆమెకు ఎక్కడో కలుక్కుమంది. కాగితాలు దొంతి పెట్టుకుంది. ఆయన కాసేపు దగ్గి, నీళ్లు తాగి, గొంతు కుదుటపడ్డాక మళ్లీ అందుకున్నాడు. కోపం తగ్గాక ఆయన మాట ఎప్పుడూ అలాగే, పనిలోంచి మొదలయ్యేది.

"మాకూ అచ్చులుండేవి. రేకు కోసి పెట్టుకునేవాళ్లం. పైన పువ్వు, చుట్టూ గీత, కింద చిరునామా గడి. పేరు రాయాల్సిన చోటు మాత్రం కోసేవాణ్ణి కాదు, ఖాళీగా వదిలేసేవాణ్ణి. అక్కడ చేత్తో రాయాల్సిందే. అచ్చు అందరిదీ. ఖాళీ మాత్రం ఎవరిది వాళ్లది."

మర్నాడు ఆమె తన గీతల్లో ఇంకో పెట్టె చేర్చింది. లోపల ఏమీ లేదు. ఒక తలుపు ఆర్డరులోకి, ఒక తలుపు సంచి కట్టేచోటికి. ఏ దుకాణానికి ఏ సొంత అలవాటుంటే అది అందులో కూర్చోవచ్చు. ఏడో దుకాణంలో చీటీలక్క రాసినవి అడిగే మనిషి లేకుండానే లోపలికి వస్తాయి. ఈ వారం చీటీలో రానివి పక్కన ఇంకో జాబితాలో కనిపిస్తాయి. దానికి ఖాళీ గది అని పేరు పెట్టింది. ఇరవై ఏళ్ల ఉద్యోగంలో తాను గీసినదాన్ని చూసుకుని ఆమె మురిసిపోయింది అప్పుడొక్కసారే.

పెద్ద మేనేజరుకు అది నచ్చలేదు. ఆయన చెడ్డవాడేం కాదు. ఎవరి టీ వాళ్లే తెచ్చుకోవాలని నియమం పెట్టి, తానూ లేచి వెళ్లి తెచ్చుకునే రకం. ఆరు దుకాణాల్లో ఎవరూ వాడని గదిని కొనేవాళ్లకు ఏమని చూపించాలని ఆయన అడిగాడు. చూస్తే మీకే తెలుస్తుందని ఈమె అంది. చివరకు వచ్చే వారం గురువారం పదకొండింటికి హెడ్డాఫీసులో అందరి ముందూ నడిపి చూపించమన్నాడు. ఒప్పించగలిగితే ఉంటుంది. లేకపోతే ఆ పై సోమవారం ఏడు దుకాణాల్లోనూ ఖాళీ గది లేకుండానే మొదలవుతుంది. అప్పుడిక చీటీలక్క బల్లకు పనిలేదు.

ఆ వారమంతా ప్లానమ్మ దుకాణంలో ఎవరు కనిపించినా గురువారం గురించే చెప్పింది. చీటీలక్కకైతే రెండు మూడుసార్లు చెప్పింది. నీ పని ఎక్కడికీ పోదక్కా, ఆ ఒక్క పూట నేను సరిగ్గా నిలబడితే చాలని.

సోమవారం పొద్దున, చూపించడానికి ఆ వారం చీటీలు కావాలని దుకాణానికి వెళ్లింది. చీటీలక్క రాస్తోంది. వీధి ఆ చివర నుంచి ఒక్కో ఇల్లే వస్తోంది. ప్లానమ్మ ఇంటి చీటీ దగ్గరికి వచ్చేసరికి నాలుగు వరసలు రాసి చెయ్యి ఆగిపోయింది. చీటీలక్క పెన్ను ఎత్తలేదు. కాసేపు అలాగే పట్టుకుని చూసింది. ఇంకేమీ రాలేదు. చీటీని దొంతిలో పెట్టకుండా బల్ల మీదుగా ఆమె వైపు జరిపింది.

పాలు, అందులోనూ సగమే. సబ్బు ఒకటి. టీపొడి. బట్టల పొడి. ఎప్పుడూ తొమ్మిది వరసలకు తగ్గేది కాదు. ఆయన పాలలో నానబెట్టుకుని తినే మెత్తని రొట్టె లేదు. గొంతు బిళ్లలు లేవు. గడ్డం బ్లేడ్లు లేవు.

"మరిచిపోయావేమో అక్కా," అంది ప్లానమ్మ.

"గుర్తుంటే కదా మరిచిపోడానికి."

"ఏ రోజని ఏమైనా..."

"రోజు రాయదమ్మా. వారం, అంతే."

దుకాణంలో మనుషులు మాట్లాడుకుంటూనే ఉన్నారు. ఎవరో ప్లాస్టిక్ డబ్బాల రంగు గురించి అడుగుతున్నారు. ఆమె చీటీ మడిచి పర్సులో పెట్టుకుని ఇంటిదారి పట్టింది. ఆఫీసుకు ఫోను చేసి వారం సెలవు చెప్పింది. గురువారం సంగతేమిటని అడిగితే, చూద్దామంది.

పదింటికే ఇంట్లో ఆమెను చూసి మొగుడు కళ్లు చిట్లించాడు. సెలవు పెట్టానంది. ఎందుకు అన్నాడు. ఊరికే అంది. పెళ్లయి పంతొమ్మిదేళ్లయినా ఆమెకు ఆయన దగ్గర అబద్ధం ఆడటం చేతకాలేదు. సాయంత్రం దాకా ఆగి ఆయనే అడిగాడు.

"చీటీ చూపించు."

ఆమె పర్సు దగ్గరకు లాక్కుంది. ఆయన చెయ్యి చాపి ఉంచాడు. ఇచ్చింది. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని, నాలుగే వరసలున్న కాగితాన్ని పుస్తకమంత సేపు చదివాడు. తర్వాత గడ్డం తడుముకున్నాడు.

"రాత బాగుంటుంది ఆవిడది," అన్నాడు. "పొల్లు దగ్గర చెయ్యి తేలిక చేస్తుంది."

ఆ తర్వాతి రోజులు ఎవరూ ఊహించుకునేంత గొప్పగా గడవలేదు. ఆయన విసుక్కునేవాడు. అస్తమానం మొహంలోకి చూడొద్దనేవాడు. ఆమె కూరలు తరిగేది, బట్టలు మడిచేది, మడిచినవే మళ్లీ మడిచేది. కుర్చీ మంచం పక్కకు లాక్కుని కూర్చుంటే ఇద్దరికీ మాటలు దొరికేవి కావు. పంతొమ్మిదేళ్లలో చెప్పుకోవాల్సినవన్నీ చెప్పేసుకున్నారో, చెప్పుకోకుండానే అలవాటు పడిపోయారో ఆమెకు అర్థం కాలేదు. డాక్టరును పిలిపిస్తే వచ్చి చూసి, మార్పేమీ లేదు, మందులు అవే వాడమని వెళ్లిపోయాడు.

బుధవారం మేనేజరు ఫోను చేశాడు. రేపు మీరు రాకపోతే నేను చేయగలిగిందేమీ లేదు మేడమ్ అన్నాడు. ఆ గొంతులో నిజంగానే కొంత బాధ ఉంది. ఫోను పెట్టేశాక మొగుడు మంచం మీంచి అడిగాడు, ఎంతసేపని. పోను గంటన్నర, రాను గంటన్నర, అక్కడ రెండు గంటలంది.

"అయిదు గంటలు. వెళ్లి చెప్పేసి రా. నేనెక్కడికీ పోను."

ఆ మాట నోట్లోంచి వచ్చాక ఆయనకే నవ్వొచ్చింది. నవ్వు దగ్గయింది. దగ్గు ఆగడానికి చాలాసేపు పట్టింది. ఆయన వీపు నిమురుతూ ఆ అయిదు గంటలను వారంలో ఏ మూల పెట్టి చూసినా, ఆ మూలలోనే ఆ ఘడియ వచ్చేలా ఆమెకు కనిపించింది.

వెళ్లలేదు. ఫోనులో మాట్లాడతానని మేనేజరును బతిమాలి ఒప్పించింది. గురువారం పదకొండింటికి మంచం పక్క కుర్చీలో కూర్చుని, ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని మొదలుపెట్టింది. అటువైపు పదిమంది ఉన్నట్టు కుర్చీల చప్పుడు వినిపించింది. నర్సు సంగతి చెప్పింది. దూదిచుట్ట సంగతి చెప్పింది. అవునవును, మా వీధిలోనూ ఒకాయన ఉండేవాడని అటు ఎవరో అన్నారు. చీటీలను ఎవరూ కాదనలేదు. అది మిగతా ఆరు చోట్లా లేదు కదా అన్నదే వాళ్ల మాట.

"లేదండీ. అందుకే దాన్ని గదిగా విడిగా పెట్టాను. అది వద్దనుకున్నవాళ్లకు దానివల్ల ఏ..."

మంచం మీద ఆయనకు ఊపిరి అందలేదు. ఆమె ఫోను దిండు మీద పడేసి ఆయన్ని లేపి కూర్చోబెట్టింది. మిషను గొట్టం మూతికి పెట్టి, రెండు భుజాలూ పట్టుకుని, పీల్చండి, ఇంకొంచెం, ఇంకొంచెం అంటూ ఉండిపోయింది. దిండు మీంచి మేడమ్, మేడమ్ అని రెండుసార్లు వినిపించింది. ఆయన మొహంలోకి రంగు తిరిగివచ్చి, తల ఆమె భుజానికి ఆన్చేసరికి ఇరవై నిమిషాలయింది. ఫోను చేతిలోకి తీసుకుంది. అటు ఎవరూ లేరు.

శుక్రవారం ఆయన గడ్డం గీయమన్నాడు. పొట్లంలో ఒక్క బ్లేడు మిగిలి ఉంది. ఎప్పుడూ చేయని పని కాబట్టి చెవి దగ్గర కొంచెం తెగింది. పనితనం లేదన్నాడు. అద్దం తెచ్చి చూపిస్తే ఎడమవైపు గీత వంకరగా ఉందన్నాడు. శనివారం మధ్యాహ్నం మూడు దాటాక, ఎండ కిటికీలోంచి మంచం కాళ్ల దాకా వచ్చినప్పుడు పోయాడు. ఆమె చెయ్యి ఆయన గుండె మీదే ఉంది. ఆఖరు ఊపిరి ఏదో ఆమెకు కచ్చితంగా తెలిసింది.

మూడు వారాల తర్వాత ఆఫీసుకు వెళితే అందరూ లేచి వచ్చి చెయ్యి పట్టుకుని పరామర్శించారు. ఆ తర్వాత మెల్లగా మంచి కబురు చెప్పారు. ఏడు దుకాణాల్లోనూ ఏ ఆటంకం లేకుండా మొదలైందట. ఇంకో కంపెనీ కూడా తీసుకుందట. మీరు గీసింది ఒక్క లైను కూడా మార్చాల్సిన అవసరం రాలేదు మేడమ్, ఇలాంటిది నా సర్వీసులో చూడలేదన్నాడు మేనేజరు. ఆమె తన గీతలు తెరిచి చూసుకుంది. ఖాళీ గది ఉన్నచోట రెండు తలుపులూ మూసేసి, మిగతా పెట్టెలను దగ్గరకు జరిపారు. ఎక్కడా అతుకు కనిపించలేదు. ఒక పెట్టె పీకేసినా మిగతావి కదలకుండా ఉండేలా గీసింది తనే.

సాయంత్రం దుకాణానికి వెళితే బల్ల ఉన్నచోట గొడుగుల స్టాండు ఉంది. చీటీలక్కకు గోడ గడియారం ఒకటి ఇచ్చి పంపేశారని చెప్పారు. వెనక వీధిలో ఆమె గది వెతుక్కుంటూ వెళ్లింది. చీటీలక్క గుమ్మంలో కూర్చుని బొంతకు కుట్లు వేస్తోంది. చాప జరిపింది.

చాప మీద కూర్చుని ప్లానమ్మ అడిగింది. "ఆ చీటీ నాకు ఇవ్వకుండా ఉంటే గురువారం నేను వెళ్లి ఉండేదాన్ని. నీ బల్ల ఉండేది. నీకు తెలుసా అక్కా?"

"తెలియకేం. గురువారం గురువారం అని నువ్వే కదా చెవిలో పోరావు."

"మరెందుకిచ్చావు?"

"మీ ఇంటి చీటీ అది. నేనేం చేసుకోను?"

ఇప్పుడూ రాస్తున్నావా అని అడిగింది. సోమవారాలు పెన్ను పట్టుకుని కూర్చుంటున్నానని, చెయ్యి కదలడం లేదని చీటీలక్క చెప్పింది. ఎందుకో ఆమెకూ తెలియదు. సూదిలో దారం అయిపోతే ముడి వేసి, పళ్లతో కొరికింది.

"వస్తావా, చిన్న పనుంది," అంది లేస్తూ. "వాచీలు బాగుచేసే ఆయన పోయాడు. ఒక్కడే ఉండేవాడు కదా. నాలుగో రోజున గానీ ఎవరికీ తెలియలేదు. తలుపు ముందు మన దుకాణం సంచులున్నాయట, తీసెయ్యమని ఇంటి ఓనర్లు నాకు కబురు పెట్టారు. నేనింకా అక్కడే పనిచేస్తున్నాననుకుంటున్నారు."

ఇద్దరూ నాలుగు అంతస్తులు ఎక్కారు. తలుపుకు తాళం వేసి ఉంది. ముందు రెండు సంచులు. ఒకటి ఆయన పోయిన వారానిది, ఒకటి ఆ తర్వాతి వారానిది. రెండింటి మీదా ఒకేలాంటి కాగితం అంటించి ఉంది, ఆయన పేరు, కింద పోయిన వారం లాగే అన్న మాట. తెర మీద ఆ మాట ఉన్న బొత్తాం ప్లానమ్మ గీసిందే. జనానికి ప్రతివారం అదే మళ్లీ చెప్పే శ్రమ ఉండకూడదని గీసింది. ఒక్కసారి నొక్కితే చాలు, వద్దనేదాకా వస్తూనే ఉంటాయి. వద్దనడానికి ఆయన లేడు.

పాలు విరిగి వాసన కొడుతున్నాయి. చీటీలక్క మెట్ల మీదే చతికిలబడి పాడైనవి ఒక వైపు, బాగున్నవి ఒక వైపు వేరుచేయసాగింది. అలా చేస్తూ తలెత్తింది.

"నీకేమన్నా కావాలా ఇందులో?"

అడగడం అలవాటు లేని గొంతు. ప్లానమ్మ మెట్ల కమ్మీ పట్టుకుని నిలబడి ఆలోచించింది. ఇంట్లో ఏముందో, ఏం లేదో ఎంత ప్రయత్నించినా గుర్తు రాలేదు. తర్వాత మెల్లగా ఒకటి తట్టింది. నాలుగు రోజులుగా పొద్దున్నే డబ్బా మూత తీసి, అడుగు చూసి, మళ్లీ మూసేసి, కాచిన నీళ్లే తాగుతోంది. వస్తుందిలే అనుకుంటూ.

"టీపొడి," అంది.

చీటీలక్క పొట్లం తీసి, దుమ్ము దులిపి, ఆమె చేతిలో పెట్టింది. పాడైపోయిన సంచి ప్లానమ్మ అందుకుంది. ఇద్దరూ మెట్లు దిగసాగారు.